రంగుల గదిలో పెళ్ళిచూపులు

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, కాశ్మీరు వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళొచ్చి యాత్ర రాసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను. పొద్దున్న బయల్దేరితే చీకటి పడేసరికి ఇంట్లో ఉండే దూరం అది. కోర్టు పనికనీ, కంటి డాక్టరు దగ్గరికనీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అయితే మొన్న మాఘమాసంలో నేను చూసొచ్చిన రాజమండ్రి వేరు. వచ్చి నెల దాటినా అక్కడ ఏం చూశానో నాకే సరిగ్గా అర్థం కాలేదు. రాస్తే అర్థమవుతుందేమోనని కూర్చున్నాను.

వెళ్ళింది పెళ్ళిచూపులకి. మా మేనల్లుడు శ్రీను ఏలూరులో బ్యాంకులో పనిచేస్తున్నాడు. మా ఇళ్ళల్లో ముందు పెద్దవాళ్ళు వెళ్ళి పిల్లని చూసి రావాలి, వాళ్ళు సరేనంటేనే పెళ్ళికొడుకు వెళ్తాడు. మా బావగారు పోయాక ఆ పెద్దరికం మేనమామనైన నా నెత్తిన పడింది. అక్కయ్యకి మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్టు ఎక్కలేదు. అందుకని నన్నూ, మా ఆవిడ సత్యవతినీ పంపిస్తూ రెండు మాటలు చెప్పింది.

"పిల్ల ఏ రంగో వెలుతుర్లో సరిగ్గా చూసి చెప్పరా. ఫోటో నమ్మకు. ఇప్పటి ఫోన్లు కాకిని కొంగని చేసేస్తున్నాయి" అంది. రెండోది భోజనం సంగతి. "నచ్చితేనే వాళ్ళింట మెతుకు ముట్టు. లేకపోతే కాఫీ తాగి లేచి వచ్చెయ్" అంది. మా వైపు ఇది పాత పద్ధతి. చూపులకెళ్ళినవాళ్ళు టిఫిను తినొచ్చు, కాఫీ తాగొచ్చు. అన్నం తిన్నారంటే సంబంధం ఒప్పుకున్నట్టే.

పిల్ల పేరు హారిక. రాజమండ్రిలో జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. తండ్రి సూర్యారావు గారికి కడియంలో చిన్న నర్సరీ ఉంది. ముందు రాజమండ్రిలో ఒక ఎగ్జిబిషన్ దగ్గర కలుసుకుని, తర్వాత కడియం ఇంటికి వెళ్ళి కాఫీ తాగుదామని పిల్లే అడిగిందని మధ్యవర్తి ఫోన్లో చెప్పాడు. మాకు తెలిసిన ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీలూ, పళ్ళెమంత అప్పడమూ, మిర్చి బజ్జీలూను. పిల్ల సరదా మనిషిలా ఉందే అనుకున్నాం.

సిద్ధాంతం వంతెన మీద

బస్సు వంతెన ఎక్కగానే సత్యవతి అలవాటు ప్రకారం కిటికీలోంచి గోదావరిలోకి రూపాయి వేసి దణ్ణం పెట్టుకుంది. మా ముందు సీట్లో పెనుగొండలో ఎక్కిన పెద్దావిడ ఒకరు వెనక్కి తిరిగి "ఎందాకా అండి?" అని అడిగింది. చెప్పాం.

"ఆ ఎగ్జిబిషనాండి? మా మనవరాల్ని బళ్ళోవాళ్ళు తీసుకెళ్ళారండి. లోపల ఏం లేవంటండి. గోడలేనంట."

"వట్టి గోడలేనా?" అంది సత్యవతి.

"గోడలేనంటండి. కాకపోతే కదుల్తాయంట."

ఆవిడ అంతకంటే చెప్పలేకపోయింది. మేమూ అడగలేకపోయాం. కదిలే గోడల దగ్గర పెళ్ళిచూపులేమిటో నాకు తలా తోకా తెలియలేదు. మధ్యవర్తికి ఫోన్ చేద్దామంటే ఆయన ఎత్తలేదు.

రావులపాలెంలో అరటిపళ్ళు

వట్టి చేతుల్తో వెళ్ళకూడదని రావులపాలెంలో దిగి పళ్ళు కొన్నాం. ఆ ఊరి అరటి మార్కెట్టు చూడనివాళ్ళు ఒకసారి చూడాలి. లారీల నిండా గెలలు, నేల మీద గెలలు, సైకిళ్ళకి అటొకటి ఇటొకటి గెలలు. మా ఊళ్ళో డజను కొనే డబ్బుకి ఇక్కడ డజనున్నర వచ్చాయి. బేరం ఆడబోతే కొట్టు మనిషి "శుభకార్యానికి చక్కెరకేళీ పట్టుకెళ్ళండి, బేరం ఆడకండి" అన్నాడు. శుభకార్యమని నీకెలా తెలుసయ్యా అంటే సత్యవతి పట్టుచీర వైపు చూపించాడు.

పక్కనే హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాం. మధ్యాహ్నం భోజనం ఉంటుందో ఉండదో తెలియని ప్రయాణం కదా, నేను ఇంకోటి కూడా చెప్పాను. సత్యవతి నా వంక చూసింది.

చెప్పులు విడిచిన చోట

రాజమండ్రిలో అది హైవే పక్కన ఏసీ ఫంక్షన్ హాలు. మామూలుగా పెళ్ళిళ్ళు చేస్తారట. జెయింట్ వీలు లేదు, అప్పడాలు లేవు. ఫ్రాన్సు దేశపు పాతకాలం చిత్రకారుల బొమ్మలని బోర్డు రాసి ఉంది. టిక్కెట్టు ధర చూస్తే మా ఊళ్ళో ఒకరోజు నాట్ల కూలీ అంత. సూర్యారావు గారు మా టిక్కెట్లు ముందే తీసి గేటు దగ్గర ఇచ్చి ఉంచారు. తాము లోపలే ఉంటామని చెప్పమన్నారట.

ముందు గదిలో కుర్చీలు, ఒక పెద్ద నల్లటి తెర కనిపించాయి. తెర లేస్తుందని చాలాసేపు కూర్చున్నాం. మా తర్వాత వచ్చినవాళ్ళు తెర తప్పించుకుని లోపలికి పోతుంటే అప్పుడు తెలిసింది, అది గుమ్మమని.

తెర తీస్తే ఎదురుగా నీళ్ళు. గోడలు నాలుగూ చెరువే, నేల కూడా చెరువే. నీళ్ళ మీద కలువపూలు తేలుతున్నాయి. సత్యవతి చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, వెనక్కి అడుగేసి చెప్పులు విడిచింది. ఆవిడ విడిచిందని నేనూ విడిచాను. మేమిద్దరం విడిచామని మా వెనకాలవాళ్ళూ విడిచారు. కాసేపటికి అక్కడ చెప్పుల గుట్ట లేచింది.

"చెప్పులు విప్పక్కర్లేదండి" అని సెక్యూరిటీ ఆయన బతిమాలుతున్నాడు.

"నీళ్ళల్లోకి చెప్పుల్తో ఎలాగండి?" అంది సత్యవతి.

"నీళ్ళు కాదమ్మా, లైటు."

"తెలుసండి" అంది ఆవిడ. తెలిసినా తొడుక్కోలేదు.

లోపల ఎటు తిరిగి నిలబడాలో నాకు తెలియలేదు. సినిమా అయితే ముందుంటుంది, గుళ్ళో అయితే దేవుడు ఎదురుగా ఉంటాడు. ఇక్కడ ముందూ వెనకా ఒకటే. కొందరు కింద కూర్చున్నారు, కొందరు పడుకున్నారు. బొమ్మలన్నీ తడిచేత్తో అలికేసినట్టున్నాయి. కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకుని పెట్టుకున్నాను. అలాగే ఉన్నాయి. మళ్ళీ తుడిచాను. కిందటేడు చేయించుకున్న కంటి ఆపరేషను పాడైపోయిందేమోనని నిజంగానే భయపడ్డాను. "నాకూ అలాగే ఉన్నాయి లెండి" అని సత్యవతి అన్నాకే ప్రాణం కుదుటపడింది.

సూర్యారావు గారికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారండి?"

"ఇక్కడే, పడవ బొమ్మ పక్కనేనండి."

పడవ కోసం వెతికాం. అది దొరికేలోపు గోడ మీద రైల్వేస్టేషన్ వచ్చేసింది. మళ్ళీ చేస్తే "ఇప్పుడు చెట్లండి" అన్నారు. మేం చెట్ల దగ్గరికి వెళ్ళేసరికి చెట్లు ఎదురుగోడకి వెళ్ళిపోయాయి. ఒకాయన్ని "సూర్యారావు గారేనాండి?" అని చెయ్యి పట్టుకున్నాను. "కాదండి, మాది నిడదవోలు" అన్నాడాయన. ఆయన మొహం నీలంగా ఉంది. చివరికి మమ్మల్ని ఆ పిల్లే గుర్తుపట్టి వచ్చింది. పట్టుచీర కట్టుకుని అరటిపళ్ళు పట్టుకున్న మనిషి ఆ హాలు మొత్తానికి సత్యవతి ఒక్కతే.

గడ్డిమేటు

"నమస్తే అండి, నేనే హారికని" అంది. అక్కయ్య మాట గుర్తొచ్చి రంగు చూశాను. ఆకుపచ్చగా ఉంది. కాసేపాగి చూస్తే నారింజరంగు. పక్కనున్న సత్యవతి వంగపండు రంగులో ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళయిన నా భార్య రంగే నాకు తెలియకుండా పోయిన చోట, ఈ పిల్ల రంగు అక్కయ్యకి ఏమని చెప్పాలి?

సూర్యారావు గారు నెమ్మదస్తుడు. రెండు మాటలు మాట్లాడి పక్కకి జరిగి కూర్చున్నారు. ఇంతలో గోడల మీద గడ్డిమేట్లు వచ్చాయి. ఎటు చూసినా గడ్డిమేట్లే. ఒకటి గులాబీరంగు, ఒకటి ఊదా, ఒకటి మంటలో ఉన్నట్టు ఎర్రగా.

"ఇదేంటమ్మా, గడ్డిమేటు చూడ్డానికా టిక్కెట్టు? మా కళ్ళం దగ్గరికొస్తే ఊరికే చూపిస్తాను" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "అది ఒకే గడ్డిమేటంటండి. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మంచు పడ్డాక ఒకటి వేశాడంట ఆ చిత్రకారుడు. ఆయనకి గడ్డి కంటే దాని మీద ఎండ ఎలా పడిందన్నదే ముఖ్యమంట."

"మరి అసలు రంగేంటి?"

"అదేనండి నాకూ తెలియంది. రెండుసార్లొచ్చాను, తేల్చుకోలేకపోయాను."

తెలియదని చెప్పే లెక్చరర్ని చూడ్డం నాకదే మొదలు. తర్వాత తనే అడిగింది, మేటు వేసేటప్పుడు వాన నీళ్ళు లోపలికి దిగకుండా ఎలా చూస్తారని. నడుం దగ్గర ఎలా లావు చెయ్యాలో, నెత్తిన వాలు ఎలా తియ్యాలో, పచ్చిగడ్డి కలిస్తే లోపల ఎలా కాగిపోతుందో అన్నీ చెప్పాను. శ్రద్ధగా వింది, మధ్యలో మంచి ప్రశ్నలేసింది. మా ఇంట్లో నా గడ్డిమేటు కబుర్లు అంతసేపు విన్నవాళ్ళు లేరు. నాకు ఆ పిల్ల మీద అభిమానం పుట్టుకొచ్చింది. శ్రీనుగాడి గురించి అడిగితే దాచకుండా చెప్పాను, కోపం తక్కువ, బద్ధకం ఎక్కువ అని. మళ్ళీ కలువలు వచ్చాయి, పడవ వచ్చింది.

"ఇవి ఇందాక చూశాం కదమ్మా?"

"మొదటికొచ్చిందండి. ఇది ఆగదు. మనకి చాలనిపించినప్పుడు వెళ్ళిపోవడమే."

ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో లేని ఆట నేను చూళ్ళేదు. ఎప్పుడు లేవాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఆ పిల్ల మూలనున్న వంతెన బొమ్మ చూపించడానికి చెయ్యి ఎత్తింది. చేతి మీద ఆకుపచ్చ మచ్చలు, పసుపు మచ్చలు పాకుతున్నాయి. నా చేతి మీదా పాకుతున్నాయి. తన మణికట్టు నుంచి రెండు వేళ్ళ దాకా ఒక తెల్ల మచ్చ ఉంది. అది కూడా వెళ్ళిపోతుందని చూశాను. బొమ్మ మారింది, మచ్చ కదల్లేదు. ఇంకో బొమ్మ వచ్చింది, గది ఎర్రబడింది. మచ్చ దాని చోటనే ఉంది.

నేను చూస్తున్నది తను చూసింది. చెయ్యి దించలేదు. ఇంకొంచెం ముందుకి చాపింది.

"బొల్లి అండి. ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది. ముందే చెప్పమన్నాను. మధ్యవర్తి గారు చెప్పలేదాండి?"

చెప్పలేదు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, ఆయన అబద్ధం కూడా ఆడకుండా పని కానిచ్చాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఆయన మీద పోవలసింది, ఎదురుగా ఉన్న పిల్ల మీద పోయింది.

"అందుకేనా అమ్మా ఈ చీకటింట్లో పెట్టావు చూపులు?" అన్నాను.

"దాచాలనుకుంటే ఈ చెయ్యి ఎత్తేదాన్నే కాదండి" అంది. గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చేటప్పుడే చెయ్యి కనిపించేస్తుందండి. ఆ తర్వాత ఇంకేం అడగరు. నేనేం చదివానో, ఏం చెబుతానో కూడా అడగరు. కాఫీ సగంలో వదిలేసి లేస్తారు. ఇక్కడైతే ముందు కాసేపు మాట్లాడతారు కదా అనిపించింది. బయటికెళ్ళాక ఎండలో నేనే చూపిద్దామనుకున్నాను."

సత్యవతి అరటిపళ్ళ సంచి నా చేతికిచ్చి, ఆ పిల్ల చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "నొప్పి గానీ ఉంటుందా అమ్మా?" అని అడిగింది.

"ఉండదండి. అంటుకోదు కూడా."

"నేను అదడగలేదమ్మా" అంది సత్యవతి.

కడియం

బయటికొచ్చేసరికి చెప్పుల గుట్టలో నావి లేవు. ఎవరో తొడుక్కుపోయారు. మిగిలిన వాటిలో నా కాలికి పట్టినవి ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు. అవే వేసుకుని సూర్యారావు గారి కారెక్కాను. ఎండలో హారికని చూశాను. చామనచాయ. మచ్చలు చేతి మీదే కాదు, మెడ దగ్గరా కొంచెం ఉన్నాయి. రోజూ కాలేజీకి వెళ్ళొచ్చే పిల్ల ఎలా ఉంటుందో అలా ఉంది.

కడియం దారంతా మొక్కలే. బంతి, గులాబీ, పేరు తెలియని రంగురంగుల ఆకుల మొక్కలు, వాటిని పై రాష్ట్రాలకి మోసుకెళ్ళడానికి వరసగా నిలబడ్డ లారీలు. మామూలప్పుడైతే దిగి రెండు అంటుమామిళ్ళు కొనేవాణ్ణి. ఆవేళ ఏ మొక్కా సరిగ్గా చూళ్ళేదు. వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరూ గులాబీకి పట్టే తెగులు గురించి మాట్లాడుకుంటున్నారు. జేబులో ఫోను మోగింది. అక్కయ్య. నేను ఎత్తలేదు.

కారు దిగాక సత్యవతిని పక్కకి పిలిచి "ఏం చేద్దాం?" అన్నాను.

"మీ అక్కయ్య పంపింది మిమ్మల్ని కదండీ" అంది.

"నీకేమనిపిస్తోందో చెప్పు."

"నాకు లోపలే అనిపించింది. మీకు అనిపించేదాకా ఆగుతాను."

ఇంట్లో హారిక తల్లిగారు బూరెలు, బజ్జీలు పెట్టారు. కాఫీ హారికే తెచ్చింది, ఆ చేత్తోనే. తలుపు చాటు నుంచి తల్లి నా కప్పు వంకే చూస్తోందని తెలిసింది. ఎన్ని కప్పులు అలా చూసిందో పాపం. అడుగు దాకా తాగి పెట్టాను.

నా మనసులో గొడవ అంతా ఇంతా కాదు. పిల్ల నచ్చిందా అంటే నచ్చింది. ఊళ్ళో ఏమంటారు, అక్కయ్య ఏమంటుంది, రేపు పెళ్ళిపందిట్లో ఎవరేం గుసగుసలాడతారు అన్నది అర్థం కాలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని, ఇందాకటి నుంచి రెండో దాని గురించే ఆలోచిస్తున్నానని అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

మేం లేవబోతుంటే సూర్యారావు గారు "భోజనం చేసి వెళ్ళండి" అన్నారు. మర్యాదకి అనే మాట, కాదంటారని తెలిసి అనే మాట. మా మొహం చూడకుండా పెరట్లో మొక్కల వైపు చూస్తూ అన్నారు.

"అన్నం ఉందాండి?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఏంటండి?" అన్నారు.

"ఆకలేస్తోందండి. అన్నం ఉంటే తినేసే వెళ్తాం."

లోపల గిన్నె కింద పడ్డ చప్పుడైంది. అన్నం తినే చుట్టాలొస్తారని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తమ కోసం వండుకున్న ఆనపకాయ పులుసు, ముద్దపప్పు తప్ప ఏమీ లేవు. తల్లిగారు కళ్ళు ఒత్తుకుంటూనే వడియాలు వేయించారు. నేను మారు వడ్డించుకున్నాను. ఉప్పు కాస్త తక్కువైంది గానీ ఆ పూట నేను తిన్నట్టు రావులపాలెంలో కూడా తినలేదు.

నెయ్యి వేస్తూ హారిక "మరి మీ మేనల్లుడు నాకు నచ్చొద్దాండి?" అంది.

"అందుకే వాణ్ణి పంపిస్తానమ్మా. నచ్చకపోతే వాడికి కాఫీ కూడా ఇవ్వకు" అన్నాను. ఆవేళ సూర్యారావు గారు నవ్వడం అప్పుడే చూశాను.

తిరుగు బస్సులో

వంతెన దాటాక పొద్దు వాలుతోంది. రోడ్డు పక్క పొలంలో గడ్డిమేటొకటి కనిపించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న గడ్డిమేటే. ఏ రంగులో ఉందో చెప్పుకుందామని చూశాను. పసుపు అనబోయాను, కాదు. ఎరుపు కూడా కాదు. తేలేలోపే బస్సు దాటిపోయింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాను.

"ఏరా, చూశావా? పిల్ల ఏ రంగు?"

దాచకుండా చెప్పాను. చామనచాయ అని, బొల్లి ఉందని, చేతి మీదా మెడ మీదా ఉందని, మధ్యవర్తి మనకి చెప్పలేదని, పిల్ల మాత్రం చెప్పమందని, శ్రీనుకి కూడా ఇదే చెబుతానని. బస్సు రెండు ఊళ్ళు దాటింది. లైను తెగిందేమో అనుకున్నాను.

"మరి నువ్వేం చేశావు?" అంది చివరికి.

"వాళ్ళింట అన్నం తిన్నానక్కయ్యా."

సత్యవతి నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఏం కూర?" అంది అక్కయ్య.

"ఆనపకాయ పులుసు."

"చూపులకి ఆనపకాయేంట్రా?" అంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "వచ్చే ఆదివారం కారు మాట్లాడు. శ్రీనుతో పాటు నేనూ వస్తాను. పనసపొట్టు వండమని చెప్పు."